విండోస్ తెరుచుకోవడం లేదు, బయోస్‌లో హార్డ్ డిస్క్ మాత్రం కనిపిస్తోంది: సాటా మోడ్ మార్చవచ్చా?

కొబ్బరితోట (రాజోలు), మంగళవారం సాయంత్రం 6.40

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 2011లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. విడిభాగాలు కొని అమర్పించుకున్నది. విండోస్ 7, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆదివారం రాత్రి గాలివానకు మా ఊళ్లో పోయిన కరెంటు సోమవారం రాత్రికి గాని రాలేదు. ఉరుము వినిపించగానే టీవీకీ కంప్యూటర్‌కీ ప్లగ్గులు తీసేయడం మా నాన్నగారి నాటి నుంచి అలవాటు కనుక, కరెంటు తిరిగి వచ్చినప్పుడు కంప్యూటర్ మీద దెబ్బ పడే అవకాశం లేదు. ఈ ఉదయం ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే, నల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు వచ్చి ఎఫ్1 నొక్కమంది. మా అబ్బాయి నొక్కాడు. విండోస్ గుర్తు రావడం, నాలుగు రంగుల చుక్కలు తిరుగుతూ దగ్గరకు చేరడం వరకు ఎప్పటిలాగే జరిగింది. అవి కలిసేలోపే నీలి తెర ఒకటి కనురెప్పపాటు కనిపించి, కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. పదిసార్లు ప్రయత్నించినా ఇదే వరస.

మధ్యాహ్నం పక్క ఊరిలో ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు ఐదు నిమిషాలు చూసి, హార్డ్ డిస్క్ పోయిందనీ, కొత్తది వేసి విండోస్ ఎక్కించాలనీ, పాతదానిలోవి తిరిగి రావనీ చెప్పాడు. నాకు మనసొప్పక తిరిగి తెచ్చేశాను. బయోస్‌లోకి (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు మీది ప్రోగ్రాం) వెళ్లి చూస్తే హార్డ్ డిస్క్ పేరు, దాని పరిమాణం సరిగ్గానే కనిపిస్తున్నాయి. పోయిన డిస్క్ పేరు ఎలా చెప్పుకోగలదు? అదే పేజీలో ‘సాటా మోడ్’ అని ఒక వరుస ఉంది. దాని ఎదురుగా ఇప్పుడు ఐడీఈ అని ఉంది. ఎంటర్ నొక్కితే ఏహెచ్‌సీఐ, రెయిడ్ అనే మరో రెండు వస్తున్నాయి. దీన్ని మార్చి చూడవచ్చా, మారిస్తే ఉన్నది కూడా పోతుందా అన్నది నా ప్రశ్న.

ఆ డిస్క్‌లో ఎనిమిదేళ్ల కొబ్బరి దింపు లెక్కలు ఉన్నాయి. వాటిని చీటీలు చూసి మళ్లీ రాసుకోగలను. కానీ మా అమ్మగారు పోయే ముందు ఏడాది మా చెల్లెలు ఆవిడ చేత పాడించి రికార్డు చేసిన మంగళహారతులు కూడా అందులోనే ఉన్నాయి. వాటికి రెండో ప్రతి లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

పాలకొల్లు పాఠకుడు, మంగళవారం సాయంత్రం 7.15

నమస్కారం అండి. విండోస్ 7కు 2020 జనవరి 14తోనే కంపెనీ మద్దతు ఆగిపోయింది. ఇటువంటి చిక్కులు ఇక వస్తూనే ఉంటాయి. సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేయించుకోవడమే మేలని నా ఉద్దేశం. పాటలు, లెక్కలు డీ డ్రైవ్‌లో ఉంటే వాటికి ఏమీ కాదు.

వశిష్ఠ (నరసాపురం), మంగళవారం సాయంత్రం 7.40

కొబ్బరితోట గారూ, దయచేసి ఈ రాత్రికి ఏమీ ఫార్మాట్ చేయవద్దు, ఎవరి చేతా చేయించవద్దు. పాలకొల్లు పాఠకుడు గారు మేలు కోరే చెప్పారు. కాని పాటలు ఏ డ్రైవ్‌లో ఉన్నాయో మనలో ఎవరికీ తెలియదు. చాలా ఇళ్లలో అటువంటివి డెస్క్‌టాప్ మీదే ఉంటాయి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే.

ముందు మూడు సంగతులు చూసి చెప్పండి. ఆన్ చేసిన వెంటనే ఎఫ్8 నొక్కుతూ ఉంటే ఒక జాబితా వస్తుంది. అందులో ‘డిజేబుల్ ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆన్ సిస్టమ్ ఫెయిల్యూర్’ అన్నది ఎంచుకుంటే నీలి తెర మెరిసి పోకుండా నిలిచి ఉంటుంది. దాని అడుగున ‘స్టాప్’ అన్న మాట పక్కనున్న అంకెను రాసుకోండి. రెండోది, బయోస్‌లో తేదీ ఏమని చూపిస్తోందో చూడండి. మూడోది, ఎఫ్1 నొక్కమన్న తెర మీది ఇంగ్లీషు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు కావాలి. మోడ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

కొబ్బరితోట (రాజోలు), మంగళవారం రాత్రి 8.55

వశిష్ఠ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. నీలి తెర నిలబడింది. ‘స్టాప్’ పక్కన 0ఎక్స్0000007బీ అని ఉంది. బయోస్‌లో తేదీ 2010 జనవరి 1, సమయం అర్ధరాత్రి దాటి ఆరు నిమిషాలు. నేను సాయంత్రం మళ్లీ ప్లగ్గు తీశాను కనుక మొదటి తెర మరోసారి వచ్చింది. ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్’ అని ఉంది. తేదీ తప్పుగా ఉండడం ఉదయమే మా అబ్బాయి కంటపడిందట; గడియారమే కదా అని నాకు చెప్పలేదు.

వశిష్ఠ (నరసాపురం), మంగళవారం రాత్రి 9.50

గడియారమే ఇక్కడ అసలు సాక్షి. మీరు చెప్పిన మూడూ ఒకే కారణాన్ని చూపిస్తున్నాయి. మీ హార్డ్ డిస్క్ పోలేదని నా గట్టి నమ్మకం. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ అంకెల అర్థం. మీ కాలపు బోర్డుల్లో గడియారం నడవడానికీ, బయోస్‌లో పెట్టుకున్న అమరికలు నిలవడానికీ అదే ఆధారం. అయితే ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆపి ఉన్నా సరే, పవర్ సప్లై నుంచి వచ్చే స్టాండ్‌బై విద్యుత్తే ఆ పని చూసుకుంటుంది. ప్లగ్గు తీసినప్పుడే బ్యాటరీకి పని. కాబట్టి మీ బ్యాటరీ ఎన్నాళ్ల క్రితమే నీరసించి ఉండవచ్చు. పూటో రెండు పూటలో ప్లగ్గు తీసినప్పుడు ఎలాగో నెట్టుకొచ్చి, ఈసారి ఒకటిన్నర రోజు ఆగలేక చేతులెత్తేసింది. బయోస్‌లోని అమరికలన్నీ చెరిగిపోయి, ఫ్యాక్టరీలో పెట్టినవి వచ్చి కూర్చున్నాయి. మీ మొదటి తెర మీది ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్’ అన్న మాటల అర్థం ఇదే. ఆ ఫ్యాక్టరీ అమరికలో సాటా మోడ్ ఐడీఈ. 2011లో మీకు విండోస్ ఎక్కించినాయన ఏహెచ్‌సీఐ పెట్టి ఎక్కించి ఉంటాడు. అందుకే ఇప్పుడు పొసగడం లేదు.

ఈ రెండు మాటల సంగతి చెప్పాలి. మీ డిస్క్ సాటా డిస్క్, అంటే సాటా అనే పద్ధతిలో బోర్డుకు కలిసేది. దాని కేబులూ, డిస్క్‌తో మాట్లాడే బోర్డు మీది కంట్రోలరూ అన్నీ సాటావే. ఐడీఈ మోడ్ పెడితే ఆ కంట్రోలర్ తన అసలు రూపం దాచుకొని, పాత తరం ఐడీఈ కంట్రోలర్ వేషంలో విండోస్‌తో మాట్లాడుతుంది. విండోస్ ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ (కంట్రోలర్ భాష విండోస్‌కు తెలిపే ప్రోగ్రాం) ఉండేది కాదు, విస్టాతోనే అది విండోస్‌లోకి వచ్చింది. ఎక్స్‌పీ వేసుకునేవారు ఇబ్బంది పడకూడదని చాలా మంది తయారీదారులు చాలా కాలం ఐడీఈనే ఫ్యాక్టరీ అమరికగా ఉంచారు. ఏహెచ్‌సీఐ అనేది ఇంటెల్ 2004లో మొదటి రూపం ఇచ్చిన పద్ధతి. కంట్రోలర్ తన సొంత భాషలోనే మాట్లాడుతుంది.

మరి ఐడీఈలో డిస్క్ కనిపిస్తూ ఉంటే, విండోస్ గుర్తు కూడా వస్తూ ఉంటే, ఆ తర్వాత ఎందుకు ఆగిపోతోంది? మీరు రాజోలు వారు కనుక ఇలా చెబుతాను. నరసాపురం రావాలంటే సఖినేటిపల్లి రేవు దాకా బస్సు తెస్తుంది, అక్కడి నుంచి గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కాలి. విండోస్ లేచేటప్పుడు మొదటి భాగమంతా బయోస్ బస్సే నడుపుతుంది. డిస్క్ మీది ఫైళ్లను బయోసే చదివి పెడుతుంది. గుర్తు కనిపించేది అప్పుడే. ఆ తర్వాత విండోస్ తన సొంత డ్రైవర్‌తో డిస్క్‌ను అందుకోవాలి. విండోస్ 7 తాను ఎక్కిన రోజున ఏ కంట్రోలర్ కనిపించిందో దాని డ్రైవర్‌ను మాత్రమే మొదట్లోనే లేచేలా పెట్టుకుంటుంది, మిగిలినవాటిని పక్కన పెడుతుంది. ఇప్పుడు మీ రేవులో ఉన్న పంటు వేరు, దాన్ని నడపగలవాడు నిద్రలో ఉన్నాడు. అవతలి ఒడ్డు చేరే దారి లేక విండోస్ చెప్పే మాటే 7బీ. బూట్ కావలసిన డిస్క్ అందడం లేదని దాని అర్థం. డిస్క్ చెడిపోయిందని కాదు.

కాబట్టి మీరు చేయవలసింది: ఐడీఈ ఉన్నచోట ఏహెచ్‌సీఐ ఎంచుకుని, ఎఫ్10తో భద్రపరచి బయటికి రావడం. మోడ్ మార్చినంత మాత్రాన డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయబడదు. లేవకపోతే తిరిగి ఐడీఈ పెట్టుకోవచ్చు.

రేవుగట్టు (యానాం), మంగళవారం రాత్రి 10.20

వశిష్ఠ గారి నిర్ధారణతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. ఒక్క విషయంలో మాత్రం వరస మార్చమని కోరుతున్నాను. మోడ్ మార్చడం కంటే ముందు పాటలు బయటికి తీయండి.

మోడ్ మార్చడం వల్ల ముప్పు ఉందని కాదు. పదిసార్లు లేవలేకపోయిన విండోస్ 7, ఈసారి లేచేటప్పుడు ‘స్టార్టప్ రిపేర్’ చేయమంటారా అని అడుగుతుంది, లేదా డిస్క్ తనిఖీ తనంతట తానే మొదలుపెడుతుంది. డిస్క్ నిజంగా ఆరోగ్యంగా ఉంటే అవి మంచివే. పదేళ్లు దాటిన డిస్క్‌లో చెడిన సెక్టార్లు ఉంటే మాత్రం ఆ మరమ్మతే ఫైళ్లను చిందరవందర చేసిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. రెండో ప్రతి లేని అమ్మగారి గొంతు విషయంలో అంత మాత్రం అవకాశం కూడా ఇవ్వకూడదు.

మీ అబ్బాయి దగ్గర మరో కంప్యూటర్ ఉంటే, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు గాని లినక్స్ మింట్ గాని వేయమనండి. ఇవి విండోస్ అవసరం లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్ రకాలు. ఉబుంటులో అయితే ‘ట్రై’ అన్నది మాత్రమే ఎంచుకోవాలి, దేనిలోనైనా ‘ఇన్‌స్టాల్’ అన్నది ఎంత మాత్రం నొక్కకూడదు. లినక్స్‌కు మోడ్ ఏదైనా ఒకటే. రెండు రకాల కంట్రోలర్ల డ్రైవర్లనూ వెంట తెచ్చుకుంటుంది కనుక ఐడీఈలో ఉన్నా డిస్క్ తెరుచుకుంటుంది. పాటలను మరో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఒక్కొక్కటీ అక్కడే మోగించి విన్నాకే ముందుకు వెళ్లండి.

ఇంకొక మాట. జాబితాలో ఉన్న రెయిడ్ జోలికి వెళ్లవద్దు. అది రెండు మూడు డిస్క్‌లను జతకట్టడానికి ఉద్దేశించినది. ఆ మోడ్‌లో వచ్చే తెరల్లో పొరపాటున కొత్త జతను సృష్టించమని చెబితే డిస్క్ మీద రాత జరుగుతుంది.

వశిష్ఠ (నరసాపురం), మంగళవారం రాత్రి 10.35

రేవుగట్టు గారు చెప్పిన వరసే సరైనది. నేను కంప్యూటర్ లేవడం గురించి ఆలోచించాను, ఆయన పాటల గురించి ఆలోచించారు. కొబ్బరితోట గారూ, అలాగే చేయండి.

మొగల్తూరు విద్యార్థి, బుధవారం ఉదయం 8.05

పెద్దలకు నమస్కారం. మా అక్కకు కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను మొదటి నుంచి వేయబోతే, ఏ డిస్క్‌లో వేయాలో అడిగే చోట జాబితా ఖాళీగా వస్తోంది. బయోస్‌లో మాత్రం ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో పనిచేసే డిస్క్) పేరు ఉంది. అది కూడా ఈ సాటా మోడ్ వల్లేనా? ఏహెచ్‌సీఐ అన్న మాటే అందులో కనిపించడం లేదు.

రేవుగట్టు (యానాం), బుధవారం ఉదయం 8.30

బాబూ, కొత్త చిక్కే అయినా మూలం ఒకటే: కంట్రోలర్ ఒక భాషలో మాట్లాడుతోంది, విండోస్ దగ్గర ఆ భాష తెలిసిన డ్రైవర్ లేదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే అమరిక (డిస్క్‌ను ఇంటెల్ సొంత డ్రైవర్ ద్వారానే అందించే ఏర్పాటు) ఆన్ చేసి వస్తోంది. ఎస్ఎస్‌డీ దాని వెనుక ఉంటుంది. ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీలో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ ఉంటుంది. దాన్ని విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ఖాళీ జాబితా కిందున్న ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపిస్తే డిస్క్ కనిపిస్తుంది. వీఎండీని ఆపేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. కొత్తగా విండోస్ వేసేటప్పుడైతే ఫరవాలేదు. ఇప్పటికే నడుస్తున్న విండోస్ ఉన్న యంత్రంలో హఠాత్తుగా ఆపేస్తే కొబ్బరితోట గారి నీలి తెరే అక్కడా ప్రత్యక్షమవుతుంది.

మరొకటి గుర్తుంచుకో. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌లోని సమాచారానికి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడి ఉండవచ్చు. బయోస్ అమరికలు మారితే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ అక్క ఖాతాలో ఉందో లేదో చూసుకున్నాకే బయోస్‌లో చేయి పెట్టు.

కొబ్బరితోట (రాజోలు), బుధవారం రాత్రి 9.10

పాటలు దక్కాయి. ముందు ఆ మాట చెప్పాలి.

మధ్యాహ్నం మా అబ్బాయి తన ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్ తయారుచేశాడు. పాటలు వశిష్ఠ గారు ఊహించినట్టే డెస్క్‌టాప్ మీద, అంటే సీ డ్రైవ్‌లో, ‘అమ్మ’ అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఫార్మాట్ చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది. పదిహేడు ఫైళ్లనూ కాపీ చేసి ఒక్కొక్కటిగా విన్నాము. పదకొండో పాట మధ్యలో వెనక ఎక్కడో పనివారు కాయలు గుట్ట పోస్తున్న చప్పుడు వినిపిస్తుంది; అది మా పెరడే. పూర్తిగా విన్నాకే బయోస్ తెరిచాము.

ఐడీఈ ఉన్నచోట ఏహెచ్‌సీఐ పెట్టి ఎఫ్10 నొక్కాను. నాలుగు చుక్కలు కలిసి గుర్తుగా మారాయి, అది వెలుగుతూ ఆరుతూ ఉండగా లాగిన్ తెర వచ్చింది. విండోస్ అడిగిన రిపేర్‌ను రేవుగట్టు గారి మాట ప్రకారం వద్దని చెప్పి, మామూలుగా తెరిచాను. లెక్కలన్నీ ఉన్నాయి. తేదీ 2010 అని ఉండడం వల్ల బ్రౌజర్ ఏ సైటు తెరిచినా భద్రత లేదంటూ హెచ్చరించింది. తేదీ సరిచేయగానే అదీ పోయింది.

ఆపి, ప్లగ్గు తీసి, పక్క రేకు విప్పి బ్యాటరీ తీశాము. మా వీధిలోని ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే 2.1 వోల్టులు చూపించింది. కొత్తదానికి 3 పైనే ఉంది. కొత్తది వేసి, బయోస్‌లో తేదీ, ఏహెచ్‌సీఐ మళ్లీ పెట్టి, పరీక్షకు గంటసేపు ప్లగ్గు తీసి ఉంచాను. రెండూ నిలిచాయి. వశిష్ఠ గారికీ రేవుగట్టు గారికీ మా చెల్లెలి తరఫున కూడా నమస్కారాలు.

వశిష్ఠ (నరసాపురం), బుధవారం రాత్రి 9.45

చాలా సంతోషం. ఉరుములకు ప్లగ్గు తీసే అలవాటును మాత్రం మానవద్దు. మన వైపు పిడుగుల కాలంలో అది చాలా అవసరం. బ్యాటరీ కొంచెం ముందుగా అరిగిపోతుంది, అంతే.

డెల్టా డీటీపీ (భీమవరం), గురువారం ఉదయం 11.20

ఈ చర్చ చదివాక నాకు ధైర్యం వచ్చి అడుగుతున్నాను. మా దుకాణంలో విండోస్ 7 యంత్రం ఒకటి మొదటి నుంచి ఐడీఈ మోడ్‌లోనే నడుస్తోంది. దానికి ఎస్ఎస్‌డీ వేసి, పాత డిస్క్‌లోది ఉన్నది ఉన్నట్టు అందులోకి దింపాను. ఏహెచ్‌సీఐకి మార్చాలని ఉంది, కానీ మారిస్తే 7బీ వస్తుందని ఇప్పుడు అర్థమైంది. విండోస్ మళ్లీ వేయకుండా మార్గం ఉందా? మార్చడం వల్ల నిజంగా ప్రయోజనం ఉందా?

వశిష్ఠ (నరసాపురం), గురువారం మధ్యాహ్నం 1.05

మార్గం ఉంది. నిద్రలో ఉన్న డ్రైవర్‌ను ముందుగా లేపి, ఆ తర్వాత మోడ్ మార్చాలి. ఐడీఈలో ఉండగానే రెజిస్ట్రీ (విండోస్ తన అమరికలు దాచుకునే చోటు) ఎడిటర్ తెరిచి, లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ వరకు వెళ్లండి. అక్కడ ఎంఎస్‌ఏహెచ్‌సీఐ అనే పేరు ఉంటుంది. దానిలో ‘స్టార్ట్’ విలువ 3 ఉంటే 0 చేయండి. 0 అంటే విండోస్ లేస్తూనే ఈ డ్రైవర్‌ను వెంట తీసుకోవాలని. ఇంటెల్ వారి సొంత డ్రైవర్ వేసి ఉంటే దాని పేరు వేరుగా ఉంటుంది, దానికీ అలాగే చేయాలి. మార్చే ముందు రెజిస్ట్రీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. తర్వాత ఆపి, బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టి తెరవండి. కొత్త పరికరం దొరికిందని చెప్పి ఒకసారి రీస్టార్ట్ అడుగుతుంది.

విండోస్ 8, 10లలో పద్ధతి ఇంకా సులువు. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ‘బూట్’ పేజీలో ‘సేఫ్ బూట్’ టిక్కు పెట్టి రీస్టార్ట్ చేసి, నేరుగా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి రానివ్వాలి. ఆ ఒక్కసారిలో విండోస్ సరైన డ్రైవర్‌ను తానే కట్టుకుంటుంది. తర్వాత టిక్కు తీసేయడం మరిచిపోవద్దు.

ప్రయోజనం ఉందా అంటే, ఎస్ఎస్‌డీకి తప్పకుండా ఉంది. కొబ్బరితోట గారికి తెలిసిన ఉదాహరణే చెబుతాను. దింపు కార్మికుడికి మీరు ఒక్కో చెట్టు పేరు చెబుతూ, అది దిగి వచ్చాకే రెండోది చెప్పారనుకోండి. కాలువగట్టు చెట్టు, ఇంటి ముందు చెట్టు, మళ్లీ కాలువగట్టు చెట్టు అంటూ రోజంతా నడకే సరిపోతుంది. పని మొత్తం ముందే చెబితే గట్టువన్నీ ఒక వరుసలో దింపి ఇంటి వైపు వస్తాడు. ఏహెచ్‌సీఐలో డిస్క్‌కు 32 పనుల వరకు ఒకేసారి చెప్పవచ్చు, దారి కలిసి వచ్చే వరసను డిస్కే చూసుకుంటుంది. తిరిగే డిస్క్‌కు నడక తగ్గుతుంది. ఎస్ఎస్‌డీకి నడకే లేదు, కానీ అది పలు చిప్‌ల మీద ఒకేసారి పనిచేయగలదు కనుక పనులన్నీ ముందే చేతిలో పడడం దానికి ఇంకా కలిసివస్తుంది.

డెల్టా డీటీపీ (భీమవరం), గురువారం రాత్రి 8.40

మార్చాను. ఒక్కసారికే లేచింది. కృతజ్ఞతలు. పాత రోజుల్లో మా ఎక్స్‌పీ యంత్రంలో పేజీమేకర్ ఫైలు తెరవడానికి నిమిషాలు పట్టేది. ఐడీఈ కేబుల్ వదులైనప్పుడల్లా వచ్చే తప్పులను ఎక్స్‌పీ లెక్కపెట్టుకుంటూ, ఆరు దాటినప్పుడల్లా వేగాన్ని ఒక్కో మెట్టు దించి, చివరికి పీఐఓ అనే అతి నెమ్మది మోడ్‌లో కూర్చోబెట్టేదనీ, డివైస్ మేనేజర్‌లో ఆ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ పైకి ఎక్కేదనీ ఎవరో చెప్పేదాకా మాకు తెలియలేదు. అప్పుడే ఇటువంటి చర్చ దొరికి ఉంటే ఒక ఏడాది కళ్లు కాయలు కాచేవి కావు.

కొబ్బరితోట (రాజోలు), ఆదివారం ఉదయం 10.15

మళ్లీ ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి. కంప్యూటర్ లేస్తోంది కానీ, లెక్కల ఫైలు తెరిచినప్పుడు మధ్య మధ్య అర నిమిషం పాటు బిగుసుకుపోతోంది. మౌస్ కదులుతుంది, మిగిలినదేదీ కదలదు. తర్వాత తనంతట తానే తేరుకుంటుంది. మా అబ్బాయి ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తప్పులు రాసుకునే చిట్టా) తెరిస్తే 11వ నంబరుతో, కంట్రోలర్‌లో లోపం కనిపించిందంటూ ఎర్ర గుర్తులు వరసగా ఉన్నాయి. కంట్రోలర్ అని స్పష్టంగా రాసి ఉంది కనుక, ఏహెచ్‌సీఐ మా బోర్డుకు పడడం లేదేమోనని అనుమానం. తిరిగి ఐడీఈకి వెళ్లడం మంచిదా?

రేవుగట్టు (యానాం), ఆదివారం ఉదయం 10.50

వెళ్లవద్దు. ఐడీఈకి వెళితే మొదటి నీలి తెరే తిరిగి వస్తుంది. ఆ సందేశంలో కంట్రోలర్ అన్న మాట ఉన్నా, కంట్రోలర్‌కూ డిస్క్‌కూ మధ్య మాట తెగిందని మాత్రమే అర్థం. తప్పు ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు, మధ్యనున్న తీగది కూడా కావచ్చు. తేల్చడానికి డిస్క్ తనలో తాను రాసుకునే స్మార్ట్ లెక్కలు చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో 05, సీ5, సీ6, సీ7 అనే నాలుగు వరుసల్లో చివరి గడిలోని అంకెలు చెప్పండి. అవి పదహారు గుర్తుల లెక్కలో చూపిస్తుంది, మెనూలో పది అంకెల లెక్కకు మార్చుకోండి.

కొబ్బరితోట (రాజోలు), ఆదివారం ఉదయం 11.30

05 దగ్గర 0, సీ5 దగ్గర 0, సీ6 దగ్గర 0. సీ7 దగ్గర 398. పది నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే 403.

రేవుగట్టు (యానాం), ఆదివారం ఉదయం 11.45

కేబులే. మొదటి మూడూ డిస్క్ పళ్లెం చెడిందా అన్నదాన్ని చెబుతాయి, మూడూ సున్నా. మీ డిస్క్ వయసుకు ఇది నిజంగా మంచి మాట. సీ7 మాత్రం దారిలో చెదిరిపోయి, సరిచూసుకున్నప్పుడు లెక్క తప్పిన సందేశాల సంఖ్య. మీ కళ్ల ముందే పెరుగుతోంది. బ్యాటరీ మార్చేటప్పుడు మీ చేయి తగిలి కేబుల్ కదిలి ఉంటుంది, లేదా ఎప్పటి నుంచో ఉన్న జబ్బు ఇప్పుడు బయటపడి ఉంటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లలో ఉప్పుగాలికి ఈ కేబుళ్ల మొనలు పాడవడం నేను తరచూ చూస్తుంటాను.

ఆపి, ప్లగ్గు తీసి, సన్నటి కేబుల్ రెండు కొసలూ ఊడదీసి చూడండి. కొత్త కేబుల్ కొనేటప్పుడు కొసల్లో ఇనుప క్లిప్పు ఉన్నది అడగండి, అది నొక్కి పట్టుకుని ఉంటుంది. బోర్డు మీద వేరే సాటా పోర్టు ఖాళీగా ఉన్నా ముందు అదే పోర్టులో పెట్టండి. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఒక మాట ముందే చెబుతున్నాను: కేబుల్ మార్చినా సీ7 వెనక్కి సున్నాకు రాదు. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

కొబ్బరితోట (రాజోలు), మంగళవారం సాయంత్రం 6.05

నిన్న అమలాపురం వెళ్లి కేబుల్ తెచ్చాను. పాతది ఎర్రటిది, క్లిప్పు లేనిది. బోర్డు వైపు కొసను కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తే ఏడు పసుపు గీతల్లో చివరి రెండింటి మీద ముదురు గోధుమ రంగు పొర పట్టి ఉంది. గోరుతో గీస్తే పొడిలా రాలింది. డిస్క్ వైపు కొస శుభ్రంగానే ఉంది. బోర్డు మీది పోర్టును మెత్తటి బ్రష్షుతో దులిపి, కొత్త కేబుల్‌ను టిక్కుమనేదాకా నొక్కాను.

రాత్రి మొదలుపెట్టినప్పుడు సీ7 విలువ 412. రాత్రంతా లెక్కల ఫోల్డర్‌ను బయటి డిస్క్‌లోకి కాపీ చేస్తూ ఉంచాను. ఉదయం 412. ఇప్పుడూ 412. ఈవెంట్ వ్యూయర్‌లో నిన్న సాయంత్రం తర్వాత ఒక్క ఎర్ర గుర్తు కూడా లేదు.

బయోస్‌లోని ముఖ్యమైన అమరికలను మా అబ్బాయి చేత కాగితం మీద రాయించాను: సాటా మోడ్ ఏహెచ్‌సీఐ, మొదట లేవవలసినది హార్డ్ డిస్క్, బ్యాటరీ మార్చిన తేదీ. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పక్క రేకు లోపలి వైపు అంటించాము. పాటలు రెండు పెన్‌డ్రైవ్‌లలో ఉన్నాయి. ఒకటి రేపటి బస్సులో తణుకులో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళుతుంది.